విభాగం 7: ఒంటె, సూదిబెజ్జం – ఒక సువార్త వాక్యానికి సాంస్కృతిక నేపథ్యం

7.0 లక్ష్యాలు

ఈ విభాగాన్ని చదివిన తరవాత మీరు:

– మార్కు 10:25 వాక్యాన్ని దాని కథాసందర్భంలో వివరించగలుగుతారు.
– 'సూదిబెజ్జం గుమ్మం', 'మోకు' అనే ప్రచార వివరణలను ఆధారాలతో పరిశీలించగలుగుతారు.
– మొదటి శతాబ్దపు పాలస్తీనాలో భూమి, అప్పు, కూలి అనే విషయాలు ఈ వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడతాయో చెప్పగలుగుతారు.
– ప్రాచీన గ్రంథానికి చెప్పే ఏ 'నేపథ్యాన్ని' అయినా అంగీకరించేముందు వేయవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్ళడం కంటే ఒంటె సూదిబెజ్జంలోంచి దూరిపోవడమే తేలిక అని యేసు అన్నట్లు మూడు సువార్తలు చెబుతున్నాయి (మార్కు 10:25, మత్తయి 19:24, లూకా 18:25). క్రైస్తవులు కాని పాఠకులలో కూడా చాలామంది ఈ మాట వినే ఉంటారు. విన్నవారిలో చాలామంది దానితోపాటు ఒక వివరణ కూడా విని ఉంటారు. యెరూషలేము గోడలో 'సూదిబెజ్జం' అనే చిన్న గుమ్మం ఉండేదని, ఒంటె బరువు దించుకుని, మోకరించి దానిలోంచి వెళ్ళేదని ఆ వివరణ సారాంశం.

ప్రాచీన సాహిత్యాన్ని చదివేవారు అది పుట్టిన కాలాన్ని, సమాజాన్ని తెలుసుకోవాలి. ఇందులో భేదాభిప్రాయం లేదు. కాని నేపథ్యం అనే పేరుతో మన ముందుకు వచ్చే ప్రతి సమాచారమూ నేపథ్యం కాదు. కొన్ని వివరణలు గ్రంథం పుట్టిన కాలం నుంచి వస్తాయి. మరికొన్ని, గ్రంథం చెప్పేది మింగుడుపడని తరవాతి కాలపు పాఠకుల అవసరం నుంచి వస్తాయి. ఈ రెండింటినీ వేరుచేయడం విమర్శకుడి పని. ప్రచారంలో ఉన్న నేపథ్య కథలు ఈ వాక్యం పదును తగ్గిస్తున్నాయని, ఆధారాలున్న నేపథ్యం ఆ పదునును తిరిగి చూపిస్తుందని ఈ విభాగంలో నిరూపించడానికి ప్రయత్నిద్దాం.

7.2 వాక్యం ఉన్న సందర్భం

మార్కు సువార్త క్రీ.శ. 70 ప్రాంతంలో రూపొందిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నాలుగు సువార్తలలో ఇదే మొదటిదని కూడా వారు భావిస్తారు. అందువల్ల మన చర్చకు మార్కు కథనాన్ని (10:17–31) ఆధారంగా తీసుకుందాం.

ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, యేసు ముందు మోకరించి, నిత్యజీవం పొందాలంటే ఏం చేయాలని అడుగుతాడు. యేసు ఆజ్ఞలను గుర్తుచేస్తాడు. చిన్నప్పటి నుంచి వాటిని పాటిస్తున్నానని అతడంటాడు. అప్పుడు యేసు అతణ్ణి చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఈ మాట మత్తయిలో గాని, లూకాలో గాని లేదు. ఆ తరవాతే, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మని యేసు చెబుతాడు. అతడు దుఃఖంతో వెళ్ళిపోతాడు. అతనికి చాలా ఆస్తి ఉందని రచయిత అప్పుడు మాత్రమే చెబుతాడు. అతడు వెళ్ళిపోయాక శిష్యులతో అన్న మాటే మన వాక్యం.

ఇక్కడ మూడు అంశాలను గమనించాలి.

మొదటిది: ఈ మనిషిని 'ధనవంతుడైన యౌవనుడైన అధికారి' అని మనం కలిపి చెప్పుకుంటాం. అతడు యౌవనుడని మత్తయి చెప్పాడు, అధికారి అని లూకా చెప్పాడు. మార్కుకు ఈ రెండు వివరాలూ లేవు. అతని దృష్టిలో ముఖ్యమైనది ఒక్కటే, ఆస్తి.

రెండవది: ఈ మాట ధనవంతుడి మీద ద్వేషంతో అన్నది కాదు. ప్రేమించిన మనిషి తన ముందునుంచే వెళ్ళిపోయాక అన్న మాట.

మూడవది: మాట విన్న శిష్యులు విస్తుపోతారు. అలాగైతే ఇక రక్షణ పొందేదెవరు అని ఒకరినొకరు అడుగుతారు. అది మనుషుల వల్ల కాదు, దేవుని వల్ల అవుతుందని యేసు జవాబిస్తాడు. ఈ ప్రశ్నను, జవాబును గుర్తుంచుకోండి. తరవాత ప్రచార వివరణలను పరీక్షించడానికి ఇవే గీటురాయి.

7.3 'సూదిబెజ్జం గుమ్మం' వివరణ

ఈ వివరణ ఇలా సాగుతుంది. రాత్రి అయ్యాక యెరూషలేము పెద్ద గుమ్మాలు మూసేవారు. పక్కన ఉన్న చిన్న గుమ్మం మాత్రం తెరిచి ఉండేది. దాని పేరు సూదిబెజ్జం. ఆలస్యంగా వచ్చిన వర్తకుడు ఒంటె మీది సరుకు దించి, దాన్ని మోకాళ్ళ మీద నడిపించి లోపలికి తీసుకువెళ్ళేవాడు. ధనవంతుడు కూడా గర్వమనే బరువు దించుకుని వినయంతో రావాలని నీతి. వినడానికి చక్కగా ఉంది. ఒంటె, బరువు, మోకరింపు అన్నీ నీతికి సరిగ్గా అమరాయి. దీన్ని నాలుగు విధాలుగా పరీక్షిద్దాం.

(అ) కాలం. తొలి శతాబ్దాల ప్రముఖ వ్యాఖ్యాతలైన ఓరిజెన్, జెరోమ్ ఇలాంటి గుమ్మం ఉందని చెప్పలేదు. జెరోమ్ క్రీ.శ. 398లో మత్తయి సువార్తకు లాటిన్‌లో వ్యాఖ్యానం రాశాడు. యేసు చెప్పింది కష్టమైన పని గురించి కాదు, అసాధ్యమైన పని గురించి అని అందులో స్పష్టంగా అన్నాడు. ఆ తరవాత యెషయా 60వ అధ్యాయంలో కానుకలతో యెరూషలేముకు వచ్చే ఒంటెలను గుర్తుచేసి, పాపభారం దించుకున్న ఒంటెలు నగర ద్వారాలలో ప్రవేశించినట్లు ధనవంతులూ ప్రవేశించవచ్చునని అలంకారికంగా చెప్పాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వైనస్ కూర్చిన సువార్త వ్యాఖ్యాన సంకలనంలో మాత్రం యెరూషలేములో సూదిబెజ్జం అనే గుమ్మం ఉండేదన్న మాట కనిపిస్తుంది. జెరోమ్ అలంకారంలోని ఒంటె, దించిన బరువు, యెరూషలేము ద్వారం అనే మూడు అంశాలూ ఇక్కడ రాతి గుమ్మంగా మారాయా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఏమైనా, సువార్తకు, ఈ వివరణకు మధ్య వెయ్యేళ్ళకు పైగా దూరం ఉంది.

(ఆ) ఆధారం. నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము గుమ్మాల పేర్లు వరసగా ఉన్నాయి. గొర్రెల గుమ్మం, మత్స్యపు గుమ్మం, పెంట గుమ్మం, గుర్రపు గుమ్మం వంటివి అందులో కనిపిస్తాయి, సూదిబెజ్జం గుమ్మం లేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ నగర ప్రాకారాలను వివరంగా వర్ణించాడు. ఆయన రచనలోనూ ఈ పేరు లేదు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం నగరాన్ని ధ్వంసం చేసింది. ఇప్పుడు యాత్రికులు చూసే పాత నగరపు గోడలు 16వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తాను సులేమాను కట్టించినవి. అందువల్ల నేటి గోడలలోని ఏ చిన్న ద్వారాన్నయినా చూపించి ఇదే యేసు చెప్పిన గుమ్మం అనడం చెల్లదు.

(ఇ) భాష. సూదిబెజ్జం ఒక గుమ్మానికి పేరై ఉంటే, ముగ్గురు రచయితలూ ఒకే పేరు రాయాలి. ఊరిలోని వీధి పేరును ఎవరూ పర్యాయపదాలతో మార్చి రాయరు. కాని బెజ్జానికి మార్కు 'త్రుమలియా' అన్నాడు, లూకా 'త్రేమా' అన్నాడు. సూదికి మార్కు, మత్తయి 'రఫీస్' అంటే, లూకా 'బెలోనే' అన్నాడు. ఇవన్నీ మామూలు సూదికి, మామూలు రంధ్రానికి వాడే గ్రీకు మాటలే. పైగా, ఇరుకు ద్వారం గురించి చెప్పదలచినప్పుడు ఆ మాటలు వారి దగ్గర ఉన్నాయి. మత్తయి 7:13లో 'ప్యులే' అని, లూకా 13:24లో 'థ్యురా' అని వాడారు. ఇక్కడ వాటిని వాడలేదు.

(ఈ) సందర్భం. బరువు దించి మోకరిస్తే సరిపోయేటట్లయితే అది రోజూ జరిగే పని. దానికి శిష్యులు విస్తుపోవలసిన అవసరం లేదు. మనుషుల వల్ల కాదు అన్న జవాబుకు అర్థమే ఉండదు. ఒంటెల సంగతి తెలిసినవారు ఇంకొకటి కూడా గమనిస్తారు. బరువు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఒంటె మోకరిస్తుంది. మోకాళ్ళ మీద నడవదు.

ఈ నాలుగు పరీక్షలలో దేనిలోనూ గుమ్మం వివరణ నిలబడదు.

7.4 'మోకు' వివరణ

రెండవ వివరణ పండిత పద్ధతిలో ఉంటుంది. గ్రీకులో ఒంటెకు 'కామెలోస్' అని పేరు. 'కామిలోస్' అంటే ఓడను కట్టే మోకు. తరవాతి కాలపు గ్రీకు ఉచ్చారణలో ఈ రెండూ ఒకేలా వినిపించేవి. కాబట్టి యేసు చెప్పింది మోకు గురించేనని, లేఖకులు పొరబడి ఒంటె అని రాశారని వాదన. 5వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా సిరిల్ ఇలా వివరించాడు. కొన్ని తరవాతి రాతప్రతులలో ఈ పాఠం ఉంది. అరమాయిక్ భాషలో ఒంటెను సూచించే 'గమ్లా' అనే మాటకు మోకు అనే అర్థం కూడా ఉందని 20వ శతాబ్దంలో జార్జ్ లామ్సా వాదించి, తన ఆంగ్ల అనువాదంలో మోకు అనే రాశాడు.

సూదికి, దారానికి ఉన్న సంబంధం వల్ల ఈ వివరణ సహజంగా కనిపిస్తుంది. సమస్య కూడా అక్కడే ఉంది. పాఠ పరిష్కరణలో ఒక సూత్రం ఉంది. రెండు పాఠాలు ఎదురైనప్పుడు, ఏది దేని నుంచి పుట్టడానికి అవకాశం ఉందో చూడాలి. తెలుగు కావ్యాల పరిష్కర్తలు కూడా పాఠాంతరాలను నిర్ణయించేటప్పుడు ఈ ప్రశ్న వేసుకుంటారు. వింతగా ఉన్న మాటను లేఖకుడు తేలిక మాటగా మార్చడం సులభంగా ఊహించవచ్చు. తేలికగా ఉన్నదాన్ని వింతగా మార్చడానికి కారణం కనిపించదు. 4వ శతాబ్దపు ముఖ్య రాతప్రతులైన వాటికన్, సినాయి ప్రతులు రెండింటిలోనూ ఒంటె అనే ఉంది. అందువల్ల ఒంటె మూలపాఠం, మోకు దిద్దుబాటు అని నిర్ణయించవచ్చు. అయినా మోకు మాత్రం సూదిబెజ్జంలో దూరుతుందా? అసాధ్యాన్ని తగ్గించడం కోసం చేసిన ఈ మార్పు ఆ పనిని కూడా పూర్తిగా చేయలేకపోయింది.

7.5 ఆనాటి శ్రోతకు ఒంటె, సూది

ప్రచార వివరణలను పక్కన పెడితే మిగిలే నేపథ్యం ఏమిటి? ముందుగా, ఇది అసంభవాన్ని చెప్పే జానపద అతిశయోక్తి. పాలస్తీనాలో సామాన్యుడు రోజూ చూసే జంతువులలో ఒంటె అతి పెద్దది. ఇంట్లోని వస్తువులలో సూదిబెజ్జం అతి చిన్న రంధ్రం. మత్తయి 23:24లో కూడా యేసు దోమను వడకట్టి ఒంటెను మింగేవారిని ఎత్తిపొడుస్తాడు. ఆ ఒంటె కోసం ఎవరూ గుమ్మం వెతకలేదు.

బాబిలోనియా తాల్ముద్‌లో దీనికి దగ్గరి పోలికలు రెండు ఉన్నాయి. ఏనుగు సూదిబెజ్జంలోంచి వెళ్ళడం మనిషికి కలలో కూడా కనిపించదని ఒకచోట ఉంది (బెరాఖోత్ 55బి). పుంబెదిత ఊరి పండితులు సూదిబెజ్జంలోంచి ఏనుగును లాగగలరని మరోచోట ఎగతాళి ఉంది (బావా మెత్సియా 38బి). అతితెలివి వాదనలు చేసేవారి మీద వేసిన చురక అది. ఈ గ్రంథం సువార్తల తరవాత కొన్ని శతాబ్దాలకు కూర్చినది, కనుక దీన్ని సువార్తకు మూలం అనరాదు. కాని ఆ ప్రాంతపు సంభాషణలో ఇలాంటి పోలిక ఉండేదనడానికి ఇది మంచి సాక్ష్యం. జంతువు మారింది, సూదిబెజ్జం మారలేదు. ఖురాన్ 7:40లోనూ ఒంటె సూదిబెజ్జంలో దూరే పోలిక అసాధ్యాన్ని చెప్పడానికే వచ్చింది. అక్కడ కూడా కొందరు వ్యాఖ్యాతలు మోకు అనే పాఠాన్ని ప్రస్తావించారు. అంటే, అతిశయోక్తిని సర్దుబాటు చేయాలనే తపన ఒక మతానికే పరిమితం కాదు.

తెలుగులో మనం కుందేటి కొమ్ము అంటాం, ఇసుకలో నూనె పిండడం అంటాం. ఏ ఊరి ఇసుక అని ఎవరూ అడగరు. అడిగితే మాట అర్థం కాలేదన్నమాటే.

అయితే ఒంటెను కేవలం పెద్ద జంతువుగా తీసుకోవడం కూడా చాలదు. ఒంటె ధనవంతుల ఆస్తి. యోబు సంపదలో 3000 ఒంటెలు ఉన్నాయి (యోబు 1:3). అబ్రాహాము సేవకుడు 10 ఒంటెలతో పెళ్ళిమాటలకు వెళ్ళాడు (ఆదికాండము 24:10). దూరదేశపు సరుకులు దాని వీపు మీదే వచ్చేవి. సూది మాత్రం బీద ఇంట్లో కూడా ఉండేది. చిరిగిన బట్టకు మాసికవేసే సూదిలోంచి సంపదను మోసే జంతువు వెళ్ళాలి. వినేవారికి నవ్వు వచ్చి ఉంటుంది. ఆ నవ్వు ఎవరి మీదో కూడా వారికి తెలుసు.

7.6 భూమి, అప్పు, కూలి

ఇప్పుడు మరింత ముఖ్యమైన నేపథ్యాన్ని చూద్దాం. యేసు గుర్తుచేసిన ఆజ్ఞల జాబితాను మార్కు 10:19లో జాగ్రత్తగా చదవండి. నరహత్య, వ్యభిచారం, దొంగతనం, అబద్ధసాక్ష్యం తరవాత, మోసపుచ్చవద్దు అనే ఆజ్ఞ ఉంది. పది ఆజ్ఞలలో ఇది లేదు. మత్తయి, లూకా దీన్ని వదిలేశారు. ఇక్కడ మార్కు వాడిన గ్రీకు క్రియ, ఒకరికి రావలసినది ఇవ్వకుండా అట్టిపెట్టుకోవడాన్ని సూచిస్తుంది. మలాకీ 3:5 గ్రీకు అనువాదంలో కూలివాడి కూలి ఎగవేసేవారి గురించి ఇదే క్రియ వచ్చింది. కూలివాడి జీతం పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 ఆదేశం. ధనవంతుడి ముందు ఈ ఆజ్ఞను చేర్చడం యాదృచ్ఛికం అనుకోలేం. అతని ఆస్తికి మార్కు వాడిన 'క్తేమాతా' అనే మాట భూములకు కూడా చెల్లుతుంది. అపొస్తలుల కార్యములు 5:1లో ఇదే మాట పొలాన్ని సూచిస్తుంది.

ఆనాటి గలిలయ, యూదయలలో సంపదకు ప్రధాన ఆధారం భూమి. సువార్తలలోని ఉపమానాలే అప్పటి వ్యవసాయ సంబంధాలను చూపిస్తాయి. తోటను కౌలుకిచ్చి దూరదేశం వెళ్ళిన యజమాని (మార్కు 12), రోజుకు ఒక దేనారం కూలి కోసం సంతలో నిలబడ్డ కూలీలు (మత్తయి 20), నూనె, గోధుమలలో లెక్కగట్టిన అప్పుల పత్రాలు (లూకా 16) వీటిలో కనిపిస్తాయి. క్రీ.శ. 66లో తిరుగుబాటుదారులు యెరూషలేములోని దస్తావేజుల భవనాన్ని తగలబెట్టారని జోసీఫస్ రాశాడు. అప్పుపత్రాలను నాశనం చేసి, బాకీదారులను తమవైపు తిప్పుకోవడం వారి ఉద్దేశమని కూడా ఆయనే చెప్పాడు. మార్కు సువార్త రూపొందిన కాలానికి ఇది కొద్ది సంవత్సరాల ముందటి సంఘటన. అప్పు ఆ సమాజంలో ఎంతటి గాయమో దీనివల్ల తెలుస్తుంది.

మరి శిష్యులు ఎందుకు విస్తుపోయారు? యూదు లేఖనాలలో సంపద గురించి రెండు స్వరాలు ఉన్నాయి. విధేయతకు ఫలంగా దేవుడు సమృద్ధి ఇస్తాడని ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం చెబుతుంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుపోయేవారికి శ్రమ అని యెషయా 5:8 హెచ్చరిస్తుంది. భూమి దేవునిది, దాన్ని శాశ్వతంగా అమ్మరాదని లేవీయకాండము 25:23 ఆదేశిస్తుంది. శిష్యుల ఆశ్చర్యంలో మొదటి స్వరం వినిపిస్తుంది. దీవెన పొందినవాడికే దారి లేకపోతే ఇంకెవరికి ఉంటుందని వారి సందేహం. యేసు రెండవ స్వరాన్ని వారి ముందు పెట్టాడు. యూదు మతం సంపదను పూజించింది, యేసు దాన్ని ఖండించాడు అని రాసే విద్యార్థులు ఈ విషయాన్ని గమనించాలి. యేసు మాట ఆ ప్రవక్తల సంప్రదాయం లోపలి నుంచి వచ్చినదే.

7.7 వాక్యాన్ని మెత్తబరచిన చరిత్ర

ఈ వాక్యాన్ని మెత్తబరచడం గుమ్మం కథతో మొదలుకాలేదు. మార్కు 10:24లో, దేవుని రాజ్యంలో ప్రవేశించడం ఎంత కష్టమో అని మాత్రమే వాటికన్, సినాయి ప్రతులలో ఉంది. ఇతర ప్రతులలో, ఆస్తిని నమ్ముకున్నవారికి అనే మాట చేరింది. మనకు అలవాటైన పాత తెలుగు అనువాదంలోనూ ఆ చేర్పు కనిపిస్తుంది. దీనివల్ల సమస్య ఆస్తి నుంచి, ఆస్తి మీది నమ్మకానికి జరిగింది. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంట్ ఈ కథ మీద ఒక ప్రత్యేక రచనే చేశాడు. వదులుకోవలసింది సొమ్మును కాదు, మనసులోని ఆసక్తిని అని ఆయన వాదం. ధనవంతులున్న సంఘంలో బోధించే గురువుకు ఇది నిజమైన సమస్య. సొమ్మును బీదలతో పంచుకోవాలని కూడా ఆయన గట్టిగా చెప్పాడన్నది మరచిపోరాదు.

దీనికి భిన్నమైన పఠనం కూడా ప్రాచీన కాలంలోనే ఉంది. ఓరిజెన్ వ్యాఖ్యానపు లాటిన్ రూపంలో ఒక యూదు క్రైస్తవ సువార్త నుంచి తీసుకున్న భాగం ఉంది. అందులో ధనవంతుడు యేసు మాట విని తల గోక్కుంటాడు. నీ సోదరులు ఆకలితో చస్తుంటే, నిండిన నీ ఇంటినుంచి వారికి ఏమీ పోవడం లేదు, మరి ధర్మశాస్త్రం పాటించానని ఎలా అంటావని యేసు అతణ్ణి నిలదీస్తాడు. ఆ కథను చెప్పుకున్నవారికి ఈ వాక్యం మనసు గురించినది మాత్రమే కాదు, ధాన్యం గురించినది కూడా.

ఇంతమాత్రాన ధనవంతులందరికీ రక్షణ లేదని ఈ వాక్యం చెబుతోందా? అలా చదవడమూ తొందరపాటే. దేవుని వల్ల అవుతుందనే మాటతో సంభాషణ ముగుస్తుంది. లూకా ఆ ముగింపుకు తరవాతి అధ్యాయంలోనే ఉదాహరణ చూపాడు. యెరికోలో జక్కయ్య ధనవంతుడు, సుంకరుల పెద్ద. అతడు ఆస్తిలో సగం బీదలకు ఇస్తానంటాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటిస్తాడు (లూకా 19:1–10). ఒంటె సూదిబెజ్జం దాటిందనే చెప్పాలి. కాని వినయంగా మోకరించినందువల్ల కాదు. మార్కు కథలోని ధనవంతుడు కూడా వచ్చీ రాగానే మోకరించాడు కదా. జక్కయ్య విషయంలో మారింది లెక్కల పుస్తకం. ఎవరికి ఏమి తిరిగి వెళ్ళిందనేది అక్కడ కనిపిస్తుంది.

7.8 సారాంశం

ఒంటె, సూదిబెజ్జం పోలిక అసాధ్యాన్ని చెప్పే అతిశయోక్తి. గుమ్మం వివరణకు మొదటి శతాబ్దపు ఆధారం లేదు. మోకు వివరణ తరవాతి దిద్దుబాటు. తాల్ముద్‌లోని ఏనుగు పోలిక, మార్కు కథలోని ఎగవేత ఆజ్ఞ, భూమి–అప్పుల సమాజం, శిష్యుల ఆశ్చర్యం కలిసి ఈ వాక్యానికి నిజమైన నేపథ్యం అవుతాయి. ఏ నేపథ్య వివరణ ఎదురైనా మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ కాలంలో మొదట కనిపించింది? గ్రంథపు భాష దీన్ని సమర్థిస్తుందా? దీన్ని అంగీకరిస్తే చుట్టూ ఉన్న వాక్యాలకు అర్థం మిగులుతుందా? వీటితోపాటు నాలుగవ ప్రశ్న కూడా వేయడం మంచిది: ఈ వివరణ వల్ల ఎవరికి ఊరట కలుగుతోంది?

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

I. ఈ కింది ప్రశ్నలకు ఐదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. మార్కు, మత్తయి, లూకా కథనాలలో ధనవంతుడి చిత్రణలో ఉన్న తేడాలు ఏమిటి?
2. 'మోకు' పాఠాన్ని పాఠ పరిష్కరణ దృష్టితో ఎందుకు అంగీకరించలేం?
3. తాల్ముద్‌లోని ఏనుగు పోలికను ఈ వాక్యానికి మూలంగా కాక, సాక్ష్యంగా మాత్రమే ఎందుకు తీసుకోవాలి?

II. ఈ కింది ప్రశ్నలకు ముప్ఫై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 'సూదిబెజ్జం గుమ్మం' వివరణను కాలం, ఆధారం, భాష, సందర్భం అనే నాలుగు అంశాలతో పరిశీలించండి.
2. మార్కు 10:25 వాక్యాన్ని ఆనాటి ఆర్థిక పరిస్థితుల వెలుగులో వివరించి, జక్కయ్య కథతో పోల్చండి.
3. మీకు తెలిసిన ఒక తెలుగు పద్యానికో, సామెతకో ప్రచారంలో ఉన్న నేపథ్య కథను తీసుకుని, ఈ విభాగంలోని ప్రశ్నలతో పరీక్షించండి.